జిల్లా ములుగు, ఓటు భద్రాచలం: పునర్విభజనలో మన ఊరి మాట ఎలా వినిపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: "మాది వెంకటాపురం మండలం. కలెక్టరాఫీసు ములుగులో, ఎమ్మెల్యే భద్రాచలానికి, ఎంపీ మహబూబాబాద్‌కి. వచ్చే నియోజకవర్గాల పునర్విభజనలో మా మండలాన్నీ పక్కనున్న వాజేడునూ ములుగు నియోజకవర్గంలో కలపమని అడగొచ్చా? మా ప్రాంతపు అనుబంధాలను డీలిమిటేషన్ (పునర్విభజన) కమిషన్ పట్టించుకుంటుందా? వినకపోతే కోర్టుకు వెళ్లొచ్చా? ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిన ఏటపాక, పురుషోత్తపట్నం లాంటి గ్రామాల సంగతి కూడా అందులోనే అడగొచ్చా?"

అడగొచ్చు. కాకపోతే మీ దగ్గర బలమైన వాదన ఒకటి ఉంది, మీరు రాసిందాంట్లో అది లేదు. మీరు రాసిన వాదనకేమో చట్టంలో చోటు తక్కువ. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. 2001 జనాభా లెక్కల మీద జరిగిన పునర్విభజన రోజుల్లో గ్రామాలవారీ పట్టికలు, మండల మ్యాపులు తయారుచేసే పనిలో ఉన్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2002 డీలిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ చదివితే అందులో "అనుబంధం", "సముదాయం" లాంటి మాటలేవీ కనిపించవు. నియోజకవర్గం వీలైనంత వరకు ఒకచోట గుదిగుచ్చినట్టు ఉండాలి. కొండలు, నదుల్లాంటి భౌతిక స్వరూపం చూడాలి. ఇప్పటికే ఉన్న పరిపాలన హద్దులు చూడాలి. రాకపోకల సౌకర్యం, ప్రజల సౌలభ్యం చూడాలి. అంతే. ఒక అసెంబ్లీ స్థానం పూర్తిగా ఒకే లోక్‌సభ స్థానంలో ఉండాలన్నది ఇంకో నియమం. న్యూజిలాండ్‌లో అయితే హద్దులు గీసేవాళ్లు ప్రజల ఉమ్మడి ప్రయోజనాలను లెక్కలోకి తీసుకోవాలని చట్టంలోనే రాసుకున్నారు. అక్కడ కూడా జనాభా తేడా 5 శాతం దాటకూడదు. మన దగ్గర అలా విడిగా రాయలేదు కాబట్టి, మీ అనుబంధం ఏదైనా సరే "రాకపోకలు", "ప్రజల సౌలభ్యం" అనే రెండు దారుల్లోంచే లోపలికి రావాలి. సమ్మక్క జాతరకు మేమంతా ఒక్కటిగా వెళ్తాం అని రాస్తే చదివి పక్కన పెడతారు. మా మండలం నుంచి ఏటూరునాగారం ఆస్పత్రికి, ములుగు కోర్టుకు, ఫలానా సంతకు ఇంతమంది ఈ దారిలో వెళ్తున్నారు అని రాస్తే ఒక కాలమ్‌లో ఎక్కుతుంది.

ఇక ఈ సౌలభ్యాలన్నిటికంటే ముందు నిలబడేది తలల లెక్క. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7.62 కోట్లు, సీట్లు 294. సగటున ఒక సీటుకు 2.59 లక్షలు. దానికి పది శాతం అటూ ఇటూ ఉండొచ్చన్నారు అప్పటి పునర్విభజన చేసిన జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ వాళ్లు. జిల్లాకు ఎన్ని సీట్లో ముందు ఆ సగటుతో తేల్చారు. ఆ తర్వాతే జిల్లా లోపల గీతలు. అందుకే తూర్పు గోదావరి 21 నుంచి 19కి, గుంటూరు 19 నుంచి 17కి, శ్రీకాకుళం 12 నుంచి 10కి పడిపోయాయి. హైదరాబాద్ 13 నుంచి 15కి పెరిగింది. దుగ్గిరాల, ఉయ్యూరు, సోంపేట లాంటి పాత పేర్లు అసెంబ్లీ జాబితాలోంచి అలాగే మాయమయ్యాయి. ఆ ఊళ్లకు అనుబంధాలు లేకనా? జిల్లా వాటాలో వాటికి సీటు మిగల్లేదు. (నియోజకవర్గాల నంబర్లు కూడా తిరగబడ్డాయి. అంతకుముందు 1వ నంబరు ఇచ్ఛాపురం, 2009 నుంచి 1వ నంబరు సిర్పూర్, ఇచ్ఛాపురం 120. మా ఆఫీసుల్లో పాత అలవాటు పోవడానికి చాలా కాలం పట్టింది.)

రెండో సంగతి, హద్దులు గీసే ఇటుక ఏది అన్నది. పల్లెల్లో అది మండలం. మండలాన్ని వీలైనంత వరకు ముక్కలు చేయరు. 2004 ఫిబ్రవరి 15 నాటికి ఉన్న జిల్లాలు, మండలాల ప్రకారం అప్పట్లో గీతలు గీశారు. తర్వాత తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. నియోజకవర్గాలు మాత్రం పాత గీతల మీదే ఉండిపోయాయి. దాని ఫలితం మీరొక్కరే అనుభవించడం లేదు. హుస్నాబాద్ నియోజకవర్గం సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ అనే మూడు జిల్లాల్లో పడింది. ఇల్లందు కూడా అంతే, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, కామేపల్లి ఖమ్మంలో, గార్ల, బయ్యారం మహబూబాబాద్ జిల్లాలో. కొడంగల్ సగం వికారాబాద్‌లో, సగం నారాయణపేటలో. ఎమ్మెల్యే ఒక పని కోసం ముగ్గురు కలెక్టర్ల దగ్గరికి తిరగాల్సి రావడం అధికారులకూ తలనొప్పే. కాబట్టి కొత్త కమిషన్ వచ్చినప్పుడు జిల్లా హద్దుకు నియోజకవర్గాన్ని సరిపెట్టే ప్రయత్నం గట్టిగా జరుగుతుందని నా అంచనా. మీకు కలిసొచ్చేది ఇదే.

ఇప్పుడు మీ మండలం దగ్గరికి వద్దాం. ముందుగా చిన్న జాగ్రత్త: అర్జీలో "వెంకటాపురం (నూగూరు)" అని స్పష్టంగా రాయండి. రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలం కూడా అదే జిల్లాలో ఉంది, అది ఎప్పటినుంచో ములుగు నియోజకవర్గంలోనే ఉంది. పేరు దగ్గర పొరపాటు పడితే మీ కాగితం తప్పు ఫైల్లో చేరుతుంది.

మీ ప్రాంతం గోదావరికి ఎడమ ఒడ్డున ఉంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు, ఇవి ఒక ఒడ్డున ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్న మండలాలు. ములుగు నదికి అవతల. 1959 దాకా ఈ భద్రాచలం డివిజన్ తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడాది ఖమ్మంలో కలిపారు. 2016లో మీ రెండు మండలాలు జయశంకర్ భూపాలపల్లికి, 2019లో ములుగుకు వెళ్లాయి. 2008లో గీత గీసినప్పుడు మిమ్మల్ని భద్రాచలంలో ఉంచడం ఏ రకంగా చూసినా సరైన పనే. నది ఒక సహజమైన హద్దు, మీ రోడ్డు చర్ల మీదుగా భద్రాచలానికే, జిల్లా కూడా ఖమ్మమే.

ఆ తర్వాత ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడింది. వాజేడు నుంచి ఏటూరునాగారం దగ్గరైపోయింది. అంటే చట్టంలో రాసిన అంశాల్లో "రాకపోకలు" మారాయి, "పరిపాలన హద్దు" మారింది. "భౌతిక స్వరూపం" ఒక్కటే అలాగే ఉంది, నది అక్కడే ఉంది. 2008 నాటికి లేనిదీ ఇప్పుడు ఉన్నదీ ఏమిటో చూపించడమే మీ అర్జీకి వెన్నెముక. పాత కమిషన్ తప్పు చేసిందని వాదించకండి. పరిస్థితి మారిందని చూపించండి. రెండోదానికి జవాబు చెప్పడం కష్టం.

మీరు వదిలేసిన బలమైన వాదన ఇంకా ముందుంది. ములుగు జిల్లా మొత్తం జనాభా 2011 లెక్కల్లో మూడు లక్షల లోపు. తెలంగాణ జనాభా 3.50 కోట్లు, 119 సీట్లకు పంచితే సగటు 2.94 లక్షలు. చూశారా? ఇప్పుడున్న సీట్ల సంఖ్యే కొనసాగితే, జిల్లా మొత్తం కలిపి ఒక్క సీటుకు అటూ ఇటూగా సరిపోతుంది. ఇప్పుడు ములుగు నియోజకవర్గంలో ఉన్న కొత్తగూడ, గంగారం మండలాలు మహబూబాబాద్ జిల్లావి. వాటిని వాటి జిల్లాకు వదిలి, మీ రెండు మండలాలను తీసుకుంటే జిల్లా, నియోజకవర్గం ఒకటే అవుతాయి. పైగా ములుగు, భద్రాచలం రెండూ ఎస్టీ రిజర్వుడ్ స్థానాలు, రెండూ మహబూబాబాద్ లోక్‌సభ కిందే ఉన్నాయి. పార్లమెంటు గీతను కదపాల్సిన పని లేదు. ఇంత తేలిగ్గా కుదిరే మార్పు రాష్ట్రంలో ఎక్కువ చోట్ల దొరకదు.

సీట్లు పెరిగితే లెక్క మారుతుంది. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణకు 153, ఆంధ్రప్రదేశ్‌కు 225 అని రాసింది, కానీ రాజ్యాంగం 170వ ఆర్టికల్‌కు లోబడి అని ఒక మెలిక పెట్టింది. వెంటనే అమలు చేయమని వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఆర్టికల్‌లో 84వ రాజ్యాంగ సవరణ పెట్టిన నియమం ప్రకారం సీట్లు మారాలంటే 2026 తర్వాత జరిగే తొలి జనగణన అంకెలు రావాలి, ఆ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నోటిఫై చేశారు. 153 సీట్లయితే 2011 అంకెల మీద సగటు 2.29 లక్షలకు దిగుతుంది. అప్పుడు ములుగు జిల్లా ఒక సీటుకు ఎక్కువ, రెండింటికి తక్కువ. అందుకే మీ అర్జీలో రెండు లెక్కలూ పెట్టండి.

ఇక మీకు నచ్చని మాట. మీరు వెళ్లిపోతే భద్రాచలం ఏమవుతుంది?

2014లో పోలవరం ముంపు పేరుతో ఆ చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం పోయాయి. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రంలోనే అతి తక్కువ ఓటర్లున్న నియోజకవర్గం అదే, సుమారు 1.48 లక్షలు. అదే ఎన్నికల్లో శేరిలింగంపల్లి ఓటర్లు ఏడు లక్షలు దాటారు. ఇప్పుడు ఐదు మండలాలున్న భద్రాచలం నుంచి మీ రెండూ తీసేస్తే మూడు మిగులుతాయి. ఆ మూడింటితో సీటు నిలబడదు. కమిషన్ ముందు మీకు ఎదురు నిలబడేది భద్రాచలం, చర్ల వాళ్లే, వాళ్ల బాధ కూడా న్యాయమైనదే.

పునర్విభజన అర్జీల్లో ఎక్కువ భాగం ఇక్కడే చచ్చిపోతాయి. "మమ్మల్ని అటు కలపండి" అని అందరూ రాస్తారు. తీసేసిన చోట పడే ఖాళీని దేంతో పూడ్చాలో ఎవరూ రాయరు. మా రోజుల్లో ఒకే నాయకుడి ఆఫీసు నుంచి ఒకే మాటలతో కట్టలు కట్టలుగా జిరాక్సు అర్జీలు వచ్చేవి. వాటిని లెక్కపెట్టి ఒకే అర్జీ కింద రాసుకునేవాళ్లం. గ్రామాలవారీ జనాభా పట్టిక, చేత్తో గీసిన స్కెచ్, ప్రత్యామ్నాయం ఉన్న కాగితం వస్తే మాత్రం టేబుల్ మీద కాసేపు నిలిచేది. ఎందుకంటే ఆ పని మేం మళ్లీ చేయనక్కర్లేదు.

మీ విషయంలో ఖాళీ పూడ్చే దారి ఒకటి కనిపిస్తోంది. భద్రాచలానికి ఎదురుగా నదికి అవతల సారపాక ఉంది, కాగితం మిల్లు ఊరు. ఈ రెండూ వంతెనకు అటూ ఇటూ ఉన్న ఒకే పట్టణం లాంటివి, కూలీలు, పిల్లలు, కూరగాయలు అన్నీ వంతెన దాటి తిరుగుతాయి. అయినా సారపాక ఉన్న బూర్గంపాడు మండలం పినపాక నియోజకవర్గంలో ఉంది. జిల్లా ఒకటే, భద్రాద్రి కొత్తగూడెం. బూర్గంపాడును భద్రాచలంలో కలిపితే రెండు చోట్లా వంతెన వాదనే పనిచేస్తుంది. మళ్లీ పినపాకలో ఖాళీ ఎలా పూడ్చాలి అని అడుగుతారు. అడుగుతారు కాబట్టే ఈ పని ఒక్క మండలం వాళ్లు చేసేది కాదు. చర్ల, భద్రాచలం, బూర్గంపాడు వాళ్లతో ముందే కూర్చోండి. జిల్లా మొత్తం గీసి చూపించే అర్జీకి ఉన్న విలువ వేరు.

ఇంకో విషయం. వాజేడునూ వెంకటాపురాన్నీ మీరు ఒకే గాటన కట్టేశారు. వంతెన వాజేడు వైపుంది. వెంకటాపురంలో చర్లను ఆనుకున్న గ్రామాల వాళ్లు సంతకు, ఆస్పత్రికి ఎటు వెళ్తున్నారో నిజాయితీగా కనుక్కోండి. భద్రాచలం వైపే అని తేలితే, వాజేడు ఒక్కటీ ములుగుకు, వెంకటాపురం భద్రాచలానికి అన్నది కూడా ఆలోచించదగ్గ ప్రతిపాదనే. మీ ఊరి సెంటర్లో నలుగురు అనుకునేది మండలం మొత్తం అభిప్రాయం కానక్కర్లేదు. గుట్టల మీది కోయ గూడేల వాళ్లను కూడా అడగండి. రేషన్ కార్డు పని, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పని, కేసులు, కాన్పులు... ఏది ఎక్కడ జరుగుతోందో గూడెంవారీగా రాసుకుంటే అదే మీ సాక్ష్యం.

"మా సముదాయం ఒకచోట ఉండాలి" అనే మాట గురించి రెండు ముక్కలు. మన వైపు ఈ మాట వెనక చాలాసార్లు కులం ఉంటుంది. "మా వాళ్ల ఊళ్లన్నీ ఒక సీట్లో పడేలా చూడండి" అని నోటితో చెప్పినవాళ్లను చూశాను. కాగితం మీద ఎవరూ రాయరు. అమెరికాలో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ 1812లో తన పార్టీకి అనుకూలంగా గీసిన హద్దుల చట్టం మీద సంతకం పెట్టారు, అందులోని వంకర టింకర జిల్లా ఆయన పేరు మీద "జెర్రీమాండర్" అనే తిట్టుగా మిగిలిపోయింది. అనుబంధం అంటే ఒకే రోడ్డు, ఒకే కాలువ, ఒకే మార్కెట్, ఒకే రకం సమస్య. ఆ కొలమానం దాటితే మీ అర్జీని ఎదుటివాళ్లు సులువుగా పడగొడతారు. ఎస్టీ జనాభా సంగతి వేరు. ఎస్టీ సీట్లు వాళ్ల శాతం ఎక్కువగా ఉన్నచోటే ఉండాలని చట్టమే చెప్తోంది. మైదానం గ్రామాలు కలిపే ప్రతి ప్రతిపాదనలో ఆ శాతం ఎంతకు దిగుతుందో మీరే ముందు లెక్క వేసి పెట్టండి.

అనుబంధాలను లెక్క ఎలా మింగేస్తుందో చూడాలంటే అరకు లోక్‌సభ చాలు. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం. గిరిజన స్థానం కావాలి, జనాభా సరిపోవాలి, కాబట్టి ఒడిశా సరిహద్దు వెంబడి కొండలన్నీ కలుపుకుంటూ గోదావరి దాకా గీత లాక్కొచ్చారు. పాలకొండ సవరకూ చింతూరు కోయకూ ఎంపీ ఒక్కరే. చేవెళ్లలో ఇంకో రకం: శేరిలింగంపల్లి ఐటీ టవర్లు, తాండూరు కంది రైతులు ఒకే పెట్టెలో. తాండూరుకు ఆనుకుని ఉన్న కొడంగల్ మాత్రం మహబూబ్‌నగర్ లోక్‌సభలో. జమ్మూ కశ్మీర్‌లో 2022లో పీర్ పంజాల్ కొండలకు ఇవతలి రాజౌరి, పూంఛ్‌లను అవతలి అనంతనాగ్‌తో కలిపారు. ఆ రెంటినీ నేరుగా కలిపే మొఘల్ రోడ్డు చలికాలం మంచుతో మూతపడుతుంది. 2024లో రాకపోకల ఇబ్బంది చెప్పి అక్కడి పోలింగ్‌ను మే 7 నుంచి మే 25కి జరపాల్సి వచ్చింది.

దీనికి భిన్నంగా, గట్టిగా అడిగితే వినే సందర్భాలూ ఉన్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభ స్థానాల ప్రాతిపదికన కొత్త జిల్లాలు చేశారు. ఆ సూత్రం ప్రకారం ఎచ్చెర్ల విజయనగరానికి పోవాలి, శ్రీకాకుళంలోనే ఉంచారు. శృంగవరపుకోట విశాఖకు పోవాలి, విజయనగరంలో ఉంచారు. సంతనూతలపాడు బాపట్లకు పోవాలి, ఒంగోలు పక్కనే ఉందని ప్రకాశంలో ఉంచారు. అదే సమయంలో విజయవాడలో కలిసిపోయిన కానూరు, పోరంకి ఉన్న పెనమలూరు, విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం రెండూ మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాకే వెళ్లాయి. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, మంచి వాదన ఉన్నంత మాత్రాన గెలుస్తారని హామీ లేదు.

మీరు చివర్లో ఏటపాక, పురుషోత్తపట్నం లాంటి గ్రామాల సంగతి కూడా అడిగారు. భద్రాచలం రామాలయం భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, ఊరు ఆంధ్రప్రదేశ్‌లో. ఇది రాష్ట్రాల సరిహద్దు విషయం. పార్లమెంటు చట్టం చేస్తేనే మారుతుంది, డీలిమిటేషన్ కమిషన్ పరిధిలోకి రాదు. మీ అర్జీలో దాన్ని కలపకండి, ఉన్న విషయం పలచబడుతుంది.

ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలి? కమిషన్ ఏర్పడ్డాక ప్రతి రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అసోసియేట్ సభ్యులుగా ఉంటారు. వాళ్లకు ఓటు హక్కు లేదు, సంతకం చేసే అధికారం లేదు, కానీ ముసాయిదా ముందు చూసేది వాళ్లే. ముసాయిదా గెజెట్‌లో వచ్చాక అభ్యంతరాలకు తేదీ ఇస్తారు, బహిరంగ విచారణలు పెడతారు. చాలామంది అప్పుడు మేల్కొంటారు, అప్పటికి గీత గట్టిపడి ఉంటుంది. పట్టిక ఇప్పుడే సిద్ధం చేసుకుని, సభ్యుల పేర్లు ప్రకటించిన వారంలోనే వాళ్ల చేతిలో పెట్టండి.

కోర్టు సంగతి. రాజ్యాంగం 329వ ఆర్టికల్ పునర్విభజన చట్టాలను కోర్టులో ప్రశ్నించడాన్ని అడ్డుకుంటుంది. కమిషన్ తుది ఉత్తర్వు గెజెట్‌లో వస్తే అది చట్టంతో సమానమని మేఘరాజ్ కొఠారి కేసులో 1966లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లోక్‌సభ, అసెంబ్లీ ముందు పెడతారు గానీ వాళ్లు కూడా అక్షరం మార్చలేరు. పూర్తిగా ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే కోర్టు చూడొచ్చని 2024లో గుజరాత్‌లోని బార్డోలీ కేసులో సుప్రీంకోర్టు అన్నది నిజమే. "మాకు ములుగు దగ్గర" అన్నది ఆ స్థాయి కాదు. ఆ లాయర్ ఫీజు డబ్బుతో రెండు మండలాల గ్రామాలవారీ మ్యాపు మంచి సర్వేయర్‌తో గీయించండి. పట్టిక తయారైతే ఇక్కడే పెట్టండి, అంకెలు సరిచూసి చెప్తాను.